గుండెల మీది బరువు దించుకునే ముందు...

ఆపరేషన్ థియేటర్లో పని సుమారు మూడు గంటలు. దానికి సిద్ధం కావడానికి మాత్రం మూడేళ్లు పట్టినా ఆశ్చర్యం లేదు! ఆడపిల్లగా పుట్టి, మగవాడిగా బతుకుతున్న ట్రాన్స్‌మెన్ ఛాతీ శస్త్రచికిత్సకు ఎలా సన్నద్ధమవుతారు? ఆ ఆరు వారాలూ పక్కన ఎవరుండాలి?

రోహిణీకార్తె. రోళ్లు పగిలే ఎండ. సిటీబస్సులో అందరూ కర్చీఫులతో విసురుకుంటుంటారు. ఒక మూల కిటికీ పక్కన కూర్చున్న కుర్రాడు మాత్రం ఒళ్లంతా చెమటలు కారిపోతున్నా జర్కిన్ జిప్పు కిందికి దించడు. ఆ జర్కిన్ లోపల చొక్కా, చొక్కా లోపల బనియను, దానికింద ఊపిరి బిగపట్టేంత బిగుతుగా మరో తొడుగు... దాన్ని బైండరంటారు. భుజాలు ముందుకు వంచి, కాస్త గూని వచ్చినట్టు నడుస్తాడు. చూసేవాళ్లు ‘ఈ కాలం పిల్లల ఫ్యాషన్లు’ అనుకుంటారు. అతని బాధ వేరు. జిప్పు దించితే ఛాతీ కనిపిస్తుంది. ఛాతీ కనిపిస్తే... నలుగురూ అతన్ని ‘అమ్మాయి’ అంటారు.

పెళ్లీడుకొచ్చిన ఆడపిల్లను గుండెల మీద కుంపటి అనడం మనకు అలవాటు. ఇక్కడ కుంపటి మోస్తున్నది కన్నవాళ్లు కాదు, ఆ బిడ్డే. అదీ అక్షరాలా గుండెల మీదే.

పన్నెండు పదమూడేళ్లకు పిల్ల పెద్దమనిషైందంటే ఇంటిల్లిపాదికీ సంబరం. చిమ్మిలి ఉండలు, మేనమామ తెచ్చిన ఓణీ, ఫంక్షన్ హాలు, వీడియో... తనను తాను అబ్బాయిగా అనుకుంటున్న బిడ్డకు అదే సంబరం నరకం. తన ఒళ్లు తనకే పరాయిదవుతోందని ఊరందరికీ కార్డులు పంచినట్టు ఉంటుంది. ఆ మాట చెప్పుకోవడానికి ఆ వయసులో మాటలే ఉండవు. చెప్పినా ‘పెళ్లయితే అన్నీ సర్దుకుంటాయి’ అనే ఇళ్లే ఎక్కువ.

కనిపించని మనుషులు

హిజ్రాలు మన సమాజానికి కొత్తకాదు. పుట్టుకతో మగ, మనసుతో ఆడ అయిన ట్రాన్స్ మహిళల గురించి కూడా పత్రికల్లో, టీవీల్లో ఎంతోకొంత వస్తూనే ఉంది. ట్రాన్స్‌మెన్ మాత్రం ఎవరి లెక్కల్లోకీ రారు. వాళ్లకు కులవృత్తిలా ఒక సంప్రదాయం లేదు, గురువులూ జమాతులూ లేవు. ఆడపిల్లగా పెరగడంవల్ల గడప దాటే స్వేచ్ఛా తక్కువే. అందుకే 2024 జులైలో కేంద్ర ఆర్థికశాఖ ఇచ్చిన ఒక ఉత్తర్వు దేశమంతా వార్తయింది. హైదరాబాద్‌లో జాయింట్ కమిషనర్‌గా పనిచేస్తున్న ఐఆర్ఎస్ అధికారి ఎం.అనుకతిర్ సూర్య పేరునూ, లింగాన్నీ పురుషుడిగా మార్చి రికార్డుల్లో నమోదు చేయడానికి ప్రభుత్వం ఒప్పుకుంది.

ఇది పిచ్చా, జబ్బా అన్న ప్రశ్న ఇప్పటికీ చాలా ఇళ్లలో వినిపిస్తుంది. ప్రపంచ ఆరోగ్య సంస్థ జబ్బుల పట్టికను 2019లో కొత్తగా రాసుకుంది. 2022 జనవరి నుంచి అమల్లోకి వచ్చిన ఆ పట్టికలో ఈ పరిస్థితిని మానసిక రుగ్మతల అధ్యాయంలోంచి తీసేసి, లైంగిక ఆరోగ్యానికి సంబంధించిన అధ్యాయంలో పెట్టారు. వైద్యుల సాయం అవసరమయ్యే సంగతే గానీ పిచ్చి కాదని దానర్థం.

ఒక మాట. ట్రాన్స్‌మెన్ అందరూ శస్త్రచికిత్స కోరుకోరు. కొందరికి పేరూ, క్రాఫూ, చొక్కా మారితే చాలు. ఇంకొందరు హార్మోన్ల దగ్గర ఆగిపోతారు. కోరుకునేవారిలో చాలామంది ముందుగా అడిగేది మాత్రం ఈ ఛాతీ ఆపరేషన్‌నే. కారణం తేలికే. మిగతా శరీరం బట్టల మాటున దాగుతుంది. ఇది దాగదు.

బైండరుతో జాగ్రత్త

ఆపరేషన్ దాకా రోజులు నెట్టుకురావాలి కదా! అందుకు వాడేదే బైండరు. ఛాతీని అదిమిపెట్టే తొడుగు. సరైన కొలతది కొని, రోజుకు ఎనిమిది గంటలు మించకుండా వేసుకుంటే పెద్దగా ఇబ్బంది ఉండదంటారు వైద్యులు. రాత్రి నిద్రలో అసలు వద్దు. ఆటలాడేటప్పుడూ, జిమ్‌లోనూ వద్దు.

చిక్కల్లా ఇంట్లో తెలియకుండా వాడేవారితోనే. బైండరు కొనే వీల్లేక మందులషాపులో దొరికే క్రేప్ బ్యాండేజీని చుట్టేసుకుంటారు. కాలు బెణికితే కట్టే కట్టు అది, ఊపిరి తీసుకునే ఛాతీకి కాదు. ఒళ్లు కదిలేకొద్దీ ఇంకా బిగుస్తుంది. పక్కటెముకలు నొప్పెడతాయి, ఆయాసం వస్తుంది. ప్యాకింగ్ టేపు అంటించుకుంటే చర్మం పొరలు ఊడొస్తుంది. మన వేడికీ ఉక్కకీ ఆ మడతల్లో చెమటపొక్కులు, తామర ఎలాగూ తప్పవు. ఇవి చిన్న సంగతులుగా కనిపిస్తాయిగానీ, కత్తి పెట్టాల్సిన చోట చర్మం పుండుపడి ఉంటే సర్జన్ తేదీ వాయిదా వేస్తాడు. కాబట్టి సన్నాహం మొదలయ్యేది ఇక్కడే. రోజూ స్నానం, పొడి బట్ట, ఇంటికి రాగానే బైండరు తీసేయడం, దురద ఉంటే చర్మవైద్యుడికి చూపించుకోవడం!

మనసు డాక్టరు గడప

ఆపరేషన్‌కు ముందు సైకియాట్రిస్టు దగ్గరకు వెళ్లాలనగానే చాలామంది బిగుసుకుపోతారు. ‘నాకేం పిచ్చా?’ అని. అక్కడ జరిగేది పిచ్చి పరీక్ష కాదు. ఈ భావన ఎప్పటినుంచి ఉంది, నిలకడగా ఉందా, ఆపరేషన్‌తో వచ్చే మార్పులు వెనక్కి తీసుకోలేనివని తెలుసా, కుంగుబాటులాంటివేమైనా ఉంటే వాటికి మందు వాడుతున్నారా... ఇవీ ప్రశ్నలు. ఒకటి రెండుసార్లలో తేలిపోవచ్చు, నెలలూ పట్టొచ్చు. చివరికి ఒక ఉత్తరం ఇస్తారు. సర్జన్ ఫైల్లో మొదటి కాగితం అదే.

ఇలాంటి చికిత్సలకు ప్రపంచమంతటా ప్రామాణికంగా చూసే మార్గదర్శకాలను డబ్ల్యుపాత్ అనే వైద్యుల సంఘం ప్రచురిస్తుంది. 2022లో వచ్చిన ఎనిమిదో కూర్పు ప్రకారం పెద్దవాళ్లకు ఒక్క నిపుణుడి ఉత్తరం చాలు. మన ఆసుపత్రుల్లో రెండు అడిగేవారూ ఉన్నారు. ముందే ఫోన్ చేసి కనుక్కుంటే తిరుగుడు తప్పుతుంది. ఛాతీ ఆపరేషన్‌కు టెస్టోస్టిరాన్ హార్మోన్ తీసుకుని ఉండటం తప్పనిసరి కాదని కూడా ఆ మార్గదర్శకాలే చెబుతున్నాయి. హార్మోన్‌తో గొంతు మారుతుంది, గడ్డం వస్తుంది. పెరిగిన ఛాతీ మాత్రం దానంతట అది పోదు.

తల్లిదండ్రులు ముఖ్యంగా గుర్తుంచుకోవాల్సింది ఒకటుంది. ‘మీ పిల్లను మళ్లీ మామూలుగా మార్చేస్తాం’ అంటూ డబ్బు గుంజే వైద్యులు అక్కడక్కడా తగులుతారు. అలాంటి ‘మార్పిడి చికిత్స’ వృత్తిపరమైన దుష్ప్రవర్తనే అవుతుందని 2022లో జాతీయ వైద్య కమిషన్ రాష్ట్రాల వైద్య మండళ్లకు రాసింది. భూతవైద్యుడి దగ్గరకు తీసుకెళ్లడం గురించి చెప్పేదేముంది!

సర్జన్‌ను ఏమడగాలి?

ఈ ఆపరేషన్ చేసేది సాధారణంగా ప్లాస్టిక్ సర్జన్. రొమ్ము క్యాన్సర్‌కు చేసే ఆపరేషన్ లాంటిదే కదా అనుకుంటే పొరపాటు. అక్కడ జబ్బు కణాలు మిగలకుండా చూడటం ముఖ్యం. ఇక్కడ మగవాడి ఛాతీ ఆకృతి తేవడం ముఖ్యం. అంతా తవ్వి తీసేస్తే గుంట పడుతుంది. అందుకని కొద్దిగా కణజాలం ఉంచి తీరుగా దిద్దుతారు. (మిగిలిన ఆ కొంచెంలోనూ క్యాన్సర్ ముప్పు పూర్తిగా పోదు. ఇంట్లో అమ్మకో, పిన్నికో, అమ్మమ్మకో రొమ్ము క్యాన్సర్ వచ్చి ఉంటే ఆ సంగతి సర్జన్‌కు చెప్పి తీరాలి. తీసిన కణజాలాన్ని బయాప్సీకి పంపించి, రిపోర్టు దాచుకోవాలి.)

పద్ధతులు ప్రధానంగా రెండు. ఛాతీ చిన్నగా ఉండి, చర్మం సాగుడుగుణం బాగుంటే చనుమొన చుట్టూ గుండ్రంగా చిన్న కోత పెట్టి లోపలిది తీస్తారు. మచ్చ పెద్దగా కనపడదు. కాకపోతే మళ్లీ చిన్న సర్దుబాటు ఆపరేషన్ అవసరమయ్యే అవకాశం కొంచెం ఎక్కువ. ఛాతీ పెద్దదైతే రెండు పక్కలా కండరం అంచు వెంబడి అడ్డంగా పొడవాటి కోతలు పెడతారు. చనుమొనను వేరుచేసి, చిన్నదిగా చేసి, మగవారికి ఉండే చోట అతుకుతారు. మొక్కను అంటు కట్టినట్టే! ఆ అంటు బతకాలంటే కింది నుంచి రక్తం అందాలి. మచ్చలు పొడుగ్గా ఉంటాయి. ఆ చోట స్పర్శ చాలామటుకు పోతుంది. ఏ పద్ధతి కావాలన్నది రోగి ఇష్టం ఒక్కదానిమీదే ఆధారపడదు. ఏళ్ల తరబడి బిగించి కట్టినవారిలో చర్మం సాగుడుగుణం తగ్గి ఉండటమూ లెక్కలోకి వస్తుంది.

సిగ్గుపడకుండా అడగాల్సినవి చాలానే ఉన్నాయి. ఇలాంటి ఆపరేషన్లు మీరు ఎన్ని చేశారు? ఫొటోలు చూపిస్తారా? మచ్చ ఎక్కడ పడుతుంది? రక్తం గడ్డకట్టి మళ్లీ థియేటర్‌కు తీసుకెళ్లాల్సివస్తే ఆ ఖర్చు ఎవరిది? సర్దుబాటు ఆపరేషన్‌కు విడిగా డబ్బు కట్టాలా? చీరల షాపులో నలభై చీరలు దింపించి చూసే మనం, డాక్టరు ముందు నాలుగు ప్రశ్నలడగడానికి జంకుతాం. సమాధానం విసుగ్గా చెప్పే సర్జన్ అయితే ఇంకొకర్ని చూసుకోవడంలో తప్పులేదు.

పిల్లల ఊసు కూడా ఇప్పుడే మాట్లాడుకోవాలి. ఛాతీ ఆపరేషన్ గర్భసంచి జోలికి పోదు. సంతానశక్తి మీద దాని ప్రభావం లేదు. రేపెప్పుడైనా బిడ్డను కన్నా, పాలివ్వడం మాత్రం చాలామందికి సాధ్యం కాదు.

నెల ముందు నుంచీ...

తేదీ ఖరారయ్యాక అసలు పని మొదలవుతుంది. మొదట రక్తం. హిమోగ్లోబిన్ తక్కువుంటే మత్తు డాక్టరు ఒప్పుకోడు. రక్తహీనత మన దగ్గర ఇంటింటి సమస్యే. ఆకుకూరలూ, గుడ్లూ, అవసరమైతే ఐరన్ మాత్రలూ వాడి నెలా రెణ్నెల్ల ముందే సరిచేసుకోవాలి. టెస్టోస్టిరాన్ తీసుకునేవారిలో దీనికి తిరకాసుగా హిమోగ్లోబిన్ పెరుగుతుంది. మరీ పెరిగినా మంచిది కాదు. ఇంజక్షన్ ఎప్పుడు, ఎంత తీసుకున్నారో మత్తు డాక్టరుకు చెప్పాలి. దాన్ని ఆపాలా వద్దా అన్నది ఆయన, సర్జన్ కలిసి తేలుస్తారు. సొంతంగా ఆపేయడం వద్దు. షుగరు, రక్తం గడ్డకట్టే సమయం, ఈసీజీ, ఛాతీ ఎక్స్‌రే, హెచ్ఐవీ, హెపటైటిస్ పరీక్షలు మామూలే. నలభై దాటినవారికీ, కుటుంబంలో క్యాన్సర్ ఉన్నవారికీ మామోగ్రామో, స్కానింగో కూడా రాస్తారు. గర్భం ఉందేమో చూసే పరీక్ష కూడా అడగొచ్చు. ఆ ప్రశ్న గుచ్చుకుంటుంది. మత్తు ఇచ్చే ముందు అది ఆసుపత్రి నియమం, అవమానించడానికి కాదని ముందే తెలిసుంటే మనసు కాస్త కుదుటపడుతుంది.

రెండోది పొగ. కనీసం నాలుగు వారాల ముందు మానాలి. ఆపరేషన్ తర్వాత కూడా అంతే. నికోటిన్ సన్నటి రక్తనాళాలను ముడుచుకుపోయేలా చేస్తుంది. అంటు కట్టిన చనుమొనకు రక్తం అందకపోతే అది నల్లబడి ఊడిపోవచ్చు. సిగరెట్ మానేశాను, ఖైనీయే కదా అంటే కుదరదు. గుట్కా, ఖైనీల్లోనూ ఉన్నది అదే నికోటిన్!

మూడోది మందులు. ఆస్పిరిన్, ఇబుప్రొఫెన్ లాంటివి రక్తాన్ని పలచన చేస్తాయి కాబట్టి వారం పది రోజుల ముందు ఆపమంటారు. నాటుమందులూ, ఆయుర్వేద చూర్ణాలూ, జిమ్‌లో ఇచ్చిన పొడులూ వాడుతుంటే అవీ చెప్పాలి. ‘అది మందు కాదులే’ అని దాచేవే ఒక్కోసారి కొంప ముంచుతాయి.

కాగితాల గోల

ఆసుపత్రి రిజిస్టర్లో పేరేమిటి? ఆధార్‌లో లక్ష్మి, పిలుపులో కార్తీక్ అయితే (ఉదాహరణకే లెండి), ఓపీ చీటీ నుంచి బయాప్సీ రిపోర్టు దాకా చిక్కులే. రక్తం రిపోర్టు ఒక పేరుతో, బీమా కార్డు మరో పేరుతో ఉంటే బిల్లు ఆగిపోతుంది.

ఈ కాగితాల తేడా ఎంత పని చేస్తుందో చెప్పడానికి ఒక పాత కథ ఉంది. మైకేల్ డిల్లాన్ అని బ్రిటన్‌లో ఒక వైద్యుడు. ఆడపిల్లగా పుట్టి, 1940ల తొలినాళ్లలో, అంటే రెండో ప్రపంచయుద్ధం రోజుల్లో, ఛాతీ ఆపరేషన్ చేయించుకున్న వ్యక్తి. మగవాడిగా వైద్యం చదివి, ఓడల్లో డాక్టరుగా పనిచేశాడు. ఆయనది బిరుదులున్న కుటుంబం. అలాంటి వంశాల వివరాలు అచ్చువేసే రెండు పుస్తకాల్లో ఒకదాంట్లో అబ్బాయిగా, ఇంకోదాంట్లో అమ్మాయిగా నమోదై ఉంది. ఆ తేడా పత్రికలవాళ్ల కంటపడింది. 1958లో రచ్చరచ్చయింది. ఆయన అన్నీ వదిలేసి ఇండియా వచ్చి బౌద్ధ భిక్షువయ్యాడు. 1962లో మన హిమాచల్‌లోని డల్హౌసీలో కన్నుమూశాడు.

మన దేశంలో 2014 ఏప్రిల్ 15న సుప్రీంకోర్టు ‘నల్సా’ కేసులో ఒక కీలకమైన తీర్పు ఇచ్చింది. తాను ఆడా, మగా, మరొకరా అన్నది నిర్ణయించుకునే హక్కు మనిషిదేననీ, అందుకు ఆపరేషన్ చేయించుకోవాలని పట్టుబట్టడం చెల్లదనీ చెప్పింది. 2019లో పార్లమెంటు ట్రాన్స్‌జెండర్ వ్యక్తుల హక్కుల పరిరక్షణ చట్టం చేసింది. అది 2020 జనవరి 10న అమల్లోకి వచ్చింది. కలెక్టరు ఇచ్చే గుర్తింపు పత్రం, ఆపరేషన్ తర్వాత లింగం మార్చి ఇచ్చే రెండో పత్రం... ఈ పద్ధతి దాంతోనే మొదలైంది. ఇలాంటి నిబంధనలు మారుతుంటాయి. ఎవరో ఇచ్చిన పాత జిరాక్సు పట్టుకుని వెళ్లడం కాకుండా, దరఖాస్తు పెట్టేముందు జిల్లా న్యాయసేవాధికార సంస్థలోనో, కలెక్టరాఫీసులోనో తాజా పద్ధతి అడిగి తెలుసుకోవడం మంచిది. ఆపరేషన్ చేసిన ఆసుపత్రి ఇచ్చే డిశ్చార్జి సమ్మరీని మాత్రం పోగొట్టుకోకూడదు.

ఇక డబ్బు. ప్రైవేటులో ఖర్చు లక్షల్లోనే ఉంటుంది. 2022 ఆగస్టులో కేంద్ర సామాజిక న్యాయశాఖ, జాతీయ ఆరోగ్య ప్రాధికార సంస్థ ఒక ఒప్పందం చేసుకున్నాయి. గుర్తింపు పత్రం ఉన్న ట్రాన్స్‌జెండర్లకు ఏటా 5 లక్షల రూపాయల దాకా వైద్యం, లింగమార్పిడి శస్త్రచికిత్సలతో సహా అందించాలన్నది దాని ఉద్దేశం. కాగితం మీద చక్కగా ఉంది. మనం వెళ్లే ఆసుపత్రిలో ఈ ఆపరేషన్‌కు అది వర్తిస్తుందా అన్నది అక్కడి ఆయుష్మాన్ కౌంటర్లో అడిగితేగానీ తేలదు. సాయం చేసే చోట్లు కూడా ఎప్పుడూ ఒకేలా ఉండవు. 2021లో హైదరాబాద్ నారాయణగూడలో ట్రాన్స్‌జెండర్ల కోసమే మొదలైన మిత్ర్ క్లినిక్, అమెరికా నిధులు ఆగిపోవడంతో 2025లో మూతపడి, అదే ఏడాది మరో పేరుతో తిరిగి తెరుచుకుంది.

పేషెంటు తరఫున ఎవరొచ్చారు?

అన్ని పరీక్షలూ అయ్యాయి. డబ్బు సమకూరింది. చివరగా నర్సు ఒక ప్రశ్న అడుగుతుంది. ‘పేషెంటు తరఫున ఎవరొచ్చారు?’ అక్కడ ఆగిపోతారు చాలామంది.

పద్దెనిమిదేళ్లు నిండినవారి ఆపరేషన్‌కు చట్టప్రకారం కావాల్సింది వాళ్ల సమ్మతే. కానీ మన ఆసుపత్రుల్లో పక్కన ఒక మనిషి లేకపోతే పని జరగదు. మందులు తేవాలి, రక్తం కావాలంటే పరిగెత్తాలి, మత్తు దిగేటప్పుడు పక్కనుండాలి. తల్లిదండ్రులు రాననేశాక, ఆ జాగా ఎవరు నింపాలి? రూమ్మేటు, ఆఫీసులో స్నేహితుడు, ఇదే ఆపరేషన్ రెండేళ్ల కిందట చేయించుకున్న ఇంకో అన్న... ఈ వరసలో సాగుతుంది వెతుకులాట. సన్నాహమంతటిలో అన్నిటికన్నా కష్టమైంది ఇదే. హిమోగ్లోబిన్‌కు మాత్రలున్నాయి. దీనికి లేవు.

అందుకే ఇంట్లో చెప్పడమన్నది చివరి వారానికి వాయిదా వేసే పని కాదు. ఒకేసారి అందరికీ చెప్పాలనీ లేదు. ముందు కాస్త మెత్తని మనసున్న పిన్నితోనో, అన్నయ్యతోనో మొదలుపెట్టి, వీలైతే సైకియాట్రిస్టు దగ్గరకు ఒకసారి వెంట తీసుకెళితే మంచిది. బిడ్డ చెబితే నమ్మని మాట తెల్లకోటు వేసుకున్నవాళ్లు చెబితే నమ్మే తండ్రులున్నారు. ఒప్పుకోవడం వేరు, ఆ రోజు పక్కన ఉండటం వేరు. మొదటిది చేయలేని తల్లి కూడా రెండోది చేయగలదు. ‘నాకిది అర్థం కాలేదు, అయినా వస్తా’ అన్నా చాలు.

భాష సంగతొకటి. తెలుగులో ‘నేను వచ్చాను’ అంటే ఆడో మగో తెలియదు. తన గురించి తాను మాట్లాడుకున్నంతసేపూ ఏ ఇబ్బందీ లేదు. పక్కవాళ్లు నోరు తెరిస్తేనే చిక్కు. ‘పేషెంటు లేచిందా?’, ‘లేచాడా?’... ఒక్క అక్షరంలో అంతా ఉంది! చేరే రోజే వార్డు సిస్టరుకు ఏ పేరుతో పిలవాలో, ఎలా మాట్లాడాలో మర్యాదగా చెప్పి, కేసుషీటు మీద రాయించుకోవాలి. జనరల్ వార్డయితే ఆడవాళ్ల వైపా, మగవాళ్ల వైపా అన్నది ముందే తేల్చుకోవాలి. ఆ గొడవ లేకుండా ఒకటి రెండు రాత్రులకు విడి గది తీసుకోగలిగితే హాయి. నెలసరి ఆ రోజుల్లోనే రావచ్చు. దానివల్ల ఆపరేషన్ ఆగదుగానీ, సంచిలో ప్యాడ్లు ఉండాలి. మగవార్డులో ఎవర్ని అడుగుతారు?

ఇల్లు సర్దాలి

ఆపరేషన్ తర్వాత ఆరు వారాలు చేతులు భుజాల పైకి లేపకూడదు, బరువులెత్తకూడదు. వినడానికి చిన్నమాట. మన ఇళ్లలో ఏవేవి భుజాల పైన ఉంటాయో ఒకసారి చూడండి. అటక మీద దుప్పట్లు, గోడ బీరువాలో పచ్చడి సీసాలు, ఫ్యాను స్విచ్చు, దండెం! కుక్కరు ఎత్తడం, బకెట్టు మోయడం, షట్టరు లాగడం, బస్సులో పైనున్న కడ్డీ పట్టుకుని వేలాడటం... ఏవీ కుదరవు. బండి నడపడం సర్జన్ సరేననేదాకా వద్దు. కాబట్టి వారం ముందే సామానంతా నడుమెత్తుకు దించుకోవాలి. తల మీంచి తొడిగే టీషర్టులు పక్కనపెట్టి, ముందు గుండీలుండే వదులు చొక్కాలు నాలుగు సిద్ధం చేసుకోవాలి. మొదట్లో వెల్లకిలానే పడుకోవాలి కాబట్టి తలగడలు ఎత్తుగా పేర్చుకుని అలా నిద్రపోవడం ముందునుంచే అలవాటు చేసుకుంటే నయం.

చాలామందికి రెండు పక్కలా సన్నటి గొట్టాలతో ఇంటికి పంపిస్తారు. లోపల చేరే రక్తం, నీరు బయటికి రావడానికి. రోజూ ఆ డబ్బాను ఖాళీచేసి ఎన్ని మిల్లీలీటర్లు వచ్చిందో నోటుపుస్తకంలో రాయాలి. అది తగ్గాక, సాధారణంగా వారం రోజుల్లో, తీసేస్తారు. ఒక పక్క ఉన్నట్టుండి ఉబ్బి, గట్టిపడి, నొప్పి పెరిగితే లోపల రక్తం చేరిందేమో! రాత్రయినా సరే ఆసుపత్రికి వెళ్లాలి. జ్వరం, చీము, ఆయాసం, పిక్కలో నొప్పి వచ్చినా అంతే. ఆ అర్ధరాత్రి ఫోన్ చేయాల్సిన నంబరు ఫ్రిజ్ మీద అంటించి ఉంచుకోవాలి.

పెద్దవాళ్లుండే ఇంట్లో పథ్యం దగ్గర పేచీ వస్తుంది. పప్పు తింటే చీము పడుతుందనీ, గుడ్డు వేడి చేస్తుందనీ చారన్నంతో సరిపెట్టేస్తారు. పుండు మానాలంటే కావాల్సింది మాంసకృత్తులే. పప్పూ, గుడ్డూ, పెరుగూ, తినేవారికి చేపా కోడీ పెట్టాల్సిందే. కోత మీద పసుపు, కొబ్బరినూనె వద్దు. నొప్పి మాత్రలకు మలబద్ధకం పట్టుకుంటుంది కాబట్టి నీళ్లు, అరటిపళ్లు దగ్గరుండాలి.

కట్టు విప్పిన రోజు

కట్టు విప్పగానే అద్దంలో కనిపించేది సినిమా హీరో ఛాతీ కాదు. వాపు, కమిలిన నీలి మచ్చలు, పెచ్చుకట్టిన చనుమొనలు. ఎన్నాళ్లో ఎదురుచూసిన రోజున కూడా కొందరికి దిగులు కమ్ముతుంది. మత్తు, నొప్పి, మంచానికి పరిమితం కావడం... అన్నీ కలిసి చేసే పని అది. తప్పు నిర్ణయం తీసుకున్నామేమోనని హడలిపోకుండా, ఇలా ఉండొచ్చని ఇంట్లోవాళ్లకూ ముందే చెప్పి ఉంచాలి. రెండు మూడు వారాలైనా తగ్గకపోతే ఆ మనసు డాక్టరునే మళ్లీ కలవాలి.

నల్లటి చర్మాల మీద మచ్చ ఉబ్బెత్తుగా, కెలాయిడ్‌గా మారే అవకాశం ఎక్కువ. ఇంతకుముందు చెవి కుట్టిన చోటో, టీకా వేసిన చోటో అలా ఉబ్బి ఉంటే ఆపరేషన్‌కు ముందే సర్జన్‌కు చూపించాలి. కుట్లు పూర్తిగా మానాక సిలికాన్ జెల్ రాయమంటారు. మచ్చకు ఎండ తగలకూడదు. రంగు తగ్గి మెత్తబడటానికి ఏడాది పడుతుంది.

ఆ లోపు కొత్త చొక్కాలు కుట్టించుకోవాలన్న తొందర ఎలాగూ ఉంటుంది. ఇన్నాళ్లూ దర్జీ టేపు ఛాతీ చుట్టూ తిప్పుతాడన్న భయంతో రెడీమేడ్ బట్టలతోనే గడిపినవాళ్లు కదా! వాపు పూర్తిగా దిగడానికి ఆర్నెల్లయినా పడుతుంది. కొలతలు అప్పుడిస్తేనే చొక్కా సరిగ్గా కుదురుతుంది.